నాన్న కారుకి కొత్త బల్బులు

రాత్రి పూట సింగిల్ రోడ్డు మీద బండి నడిపిన ప్రతి ఒక్కరికీ ఆ తెల్ల లైటు తెలుసు. ఎదురుగా వస్తున్నది కారో, బైకో, డీసీఎమ్మో అర్థం కాదు. కళ్లల్లో సున్నం కొట్టినట్టు ఒక్కసారిగా అంతా తెల్లబడిపోతుంది. మనం డిప్పర్ కొడతాం. అవతలివాడు తగ్గించడు. మళ్లీ కొడతాం. అయినా తగ్గించడు. మనసులో నాలుగు తిట్లు తిట్టుకుని, రోడ్డు ఎడమ అంచు చూసుకుంటూ, దేవుడి మీద భారం వేసి దాటేస్తాం.

చాలాసార్లు అవతలివాడిది పొగరు కాదు. అతను అప్పటికే లో బీమ్‌లో ఉన్నాడు! ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి, వీడియో చూసి, ఇంటి ముందే అరగంటలో ఎల్ఈడీ బల్బులు బిగించుకున్నాడు. తన రోడ్డు తనకి పట్టపగల్లా కనిపిస్తోంది. ఎదుటివాడికి ఎలా కనిపిస్తోందో చూడాలంటే కారు దిగి ముందుకెళ్లి నిలబడాలి. ఆ పని ఎవరు చేస్తారు?

మా ఇంట్లో ఫ్యూజులు, వైపర్లు, హారన్లు, బల్బులు.. ఈ డిపార్ట్‌మెంట్ నాదే. ఉద్యోగం హైదరాబాద్‌లో, అమ్మానాన్న మిర్యాలగూడలో. నెలకోసారి ఊరెళ్తే అమ్మ నా కోసం పప్పుచారు రెడీగా పెడుతుంది, నాన్న కారు రిపేర్ల లిస్టు రెడీగా పెడతాడు. చిన్న పనికి మెకానిక్ షెడ్డు దాకా వెళ్లి రెండు గంటలు కూర్చోవడం నాకు చిరాకు. "మేడమ్, మీరు ఆ కుర్చీలో కూర్చోండి" అనే మాట మీద కూడా కొంచెం కోపం ఉందనుకోండి.

పోయిన దీపావళికి వెళ్లినప్పుడు లిస్టులో ఒకటే ఉంది. లైట్లు.

నాన్నకి హాలియాలో విత్తనాలు, ఎరువుల దుకాణం. పొద్దున వెళ్తే రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దించి బయల్దేరతాడు. కారు 2013 వ్యాగనార్. వానాకాలం వరి కోతలప్పుడు ఆ రోడ్డు ఎలా ఉంటుందో అటువైపు తిరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. మిర్యాలగూడ రైసు మిల్లులకి వడ్లు తోలే ట్రాక్టర్లు వరస కడతాయి. రోడ్డులో సగం మేర వడ్లు ఆరబోసి, రాత్రికి కుప్ప చేసి, మీద నల్ల టార్పాలిన్ కప్పి, అంచుల వెంట రాళ్లు పెడతారు. నల్ల రోడ్డు, నల్ల పట్టా, పైన అమావాస్య. రైతుని మాత్రం ఏమంటాం, ఇంకెక్కడ ఆరబోసుకుంటాడు?

"ఏందో బిడ్డా, గుడ్డిదీపాల లెక్క ఉన్నయ్ లైట్లు. మొన్న ట్రాలీ ఎన్క ఒక్క రేడియం స్టిక్కరు లేదు. రెండు గజాల దూరం వచ్చినంక కనపడ్డది" అన్నాడు నాన్న. మామూలుగానే చెప్పాడు, టీ తాగుతూ. అమ్మ మాత్రం వంటింట్లోంచి బయటికొచ్చి నా మొహం చూసింది.

ఈ మాట ఫోన్‌లో మా బావ చెవిన కూడా పడింది. బావకి అత్తగారింటి సమస్యలన్నింటికీ పరిష్కారం ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. నేను వెళ్లేసరికే డబ్బా వచ్చేసింది. హెచ్4 ఎల్ఈడీ కిట్, జత 2,800 రూపాయలు, మామయ్యకి దీపావళి గిఫ్టు. డబ్బా మీద ఎగిరే డేగ బొమ్మ, పక్కన 20,000 ల్యూమెన్లు అని పెద్దక్షరాలు.

"ప్లగ్ అండ్ ప్లే మరదలా. పది నిమిషాల పని. నా బండికి ఏడాదయింది పెట్టి, సూపరు" అన్నాడు వీడియో కాల్‌లో.

పని పది నిమిషాలదే, నిజం. అసలు హెచ్4 బల్బు మార్చడమంత సులువైన పని కారులో ఇంకోటి లేదు. మన దగ్గర చాలా చిన్న కార్లలో ఉండేది ఈ బల్బే. 1971లో వచ్చింది. ఇన్నేళ్లయినా అదే ఆకారం, అదే మూడు కాళ్ల కప్లర్.

ఎలా మార్చాలో చెప్తాను, ఎప్పుడైనా పనికొస్తుంది. ఇంజన్, లైట్లు ఆపి పావుగంట ఆగండి. వెలిగిన హాలోజన్ బల్బు గాజు వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. బానెట్ ఎత్తి లైటు వెనక చూస్తే మూడు వైర్ల కప్లర్ కనిపిస్తుంది. వైర్లు పట్టి గుంజకూడదు, కప్లర్‌నే పట్టుకుని అటూఇటూ కదుపుతూ లాగాలి. తర్వాత నల్ల రబ్బరు టోపీ. దాని చెవి పట్టి తీస్తే లోపల స్ప్రింగు తీగ. ఆ తీగని కొంచెం లోపలికి నొక్కి పక్కకి తప్పిస్తే బల్బు చేతిలోకి వస్తుంది. బ్యాటరీ ఉన్న వైపు చెయ్యి దూరక నాలుగు గీతలు పడతాయి. అవి ఈ పనికి ఫీజు.

కొత్త బల్బుని మాత్రం గాజు దగ్గర పట్టుకోవద్దు. మన వేళ్ల జిడ్డు, చెమటలోని ఉప్పు ఆ గాజుకి అంటితే, వేడికి అక్కడ మచ్చ పడి బల్బు తొందరగా పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్‌తో తుడిచేస్తే సరి. బల్బు అంచుకి మూడు రెక్కలుంటాయి, పైది వెడల్పు. అది సరిగ్గా కూర్చునేది ఒక్క తీరులోనే. కూర్చోలేదంటే బలవంతం చేయొద్దు, తిప్పి చూడండి. చివర్లో రబ్బరు టోపీ చుట్టూ వేలితో నొక్కుకుంటూ రావాలి. అది వదులుగా ఉంటే మొదటి వానకే లైటు లోపల ఆవిరి పడుతుంది.

ఇంతే పని. అయితే లైటు డల్‌గా ఉందంటే బల్బే డల్ అనుకోవడానికి లేదు. నేను ముందు మల్టీమీటర్ తీశాను. మూడొందల రూపాయల వస్తువు, బండి ఉన్న ప్రతి ఇంట్లో ఉండాల్సింది. ఇంజన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు చూపించింది. లైట్లు వేసి, కప్లర్ వెనక నుంచి మీటరు సూది దూర్చి చూస్తే 12.2. దారిలో దాదాపు రెండు వోల్టులు మాయం! ఫిలమెంట్ బల్బుకి వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం దాకా పడిపోతుంది. అంటే నాన్న కొన్నాళ్లుగా మూడింట రెండొంతుల వెలుగుతోనే నడుపుతున్నాడు.

దొంగ ఎక్కడున్నాడంటే, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు దగ్గర. చుట్టూ ఆకుపచ్చ చిలుము. బోల్టు విప్పి, గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, కప్లర్ పిన్నులు కూడా శుభ్రం చేసి బిగించాను. ఈసారి 13.3 వచ్చింది. ఖర్చు సున్నా.

రెండో దొంగ లైటు అద్దం. అద్దం అంటాం కానీ అది పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. ఏళ్ల తరబడి ఎండలో నిలబడే కారుకి పైపూత పోయి పసుపు పచ్చగా, పాలు కలిపినట్టు మసకబడుతుంది. ఎంత మంచి బల్బు పెట్టినా ఆ పొరలోంచే రావాలి కదా. చుట్టూ పెయింటుకి టేపు అంటించి, నీళ్లు చల్లుతూ 1000 నంబర్ కాగితంతో, తర్వాత 2000, తర్వాత 3000తో రుద్ది, చివర పాలిష్ పట్టించాను. ఒక్కో లైటుకి నలభై నిమిషాలు, భుజాలు పడిపోయాయి. టూత్‌పేస్టుతో రుద్దే వీడియోలు చూసే ఉంటారు. నాలుగు రోజులు మెరుస్తుంది, అంతే. కాగితంతో రుద్దినా సరే, పైన యూవీ కోటింగ్ వేయకపోతే కొన్ని నెలల్లో మళ్లీ పచ్చబడుతుంది. అది మర్చిపోవద్దు.

నేను పుత్లీబౌలిలో కొనుక్కొచ్చిన మామూలు హాలోజన్ బల్బులు నా బ్యాగులో ఉన్నాయి. 12 వోల్టులు, 60/55 వాట్లు, కంపెనీ ఇచ్చిన లెక్కే. జత నాలుగు వందల లోపు. కౌంటర్ దగ్గర కుర్రాడు "100/90 ఇవ్వమంటారా, దుమ్ము లేస్తది" అన్నాడు. 60 వాట్లంటే బల్బు 5 ఆంపియర్లు తాగుతుంది. 100 వాట్లంటే 8 దాటుతుంది. ఆ కరెంటుకి తగ్గ వైరు కారులో లేదు. ముందు కప్లర్ కరుగుతుంది, తర్వాత కథ మీరు ఊహించుకోండి. వేరే రిలే, వేరే వైరింగ్ వేసి పెట్టేవాళ్లున్నారు. వైరింగ్ సమస్య తీరుతుంది, ఎదుటివాడి కళ్ల సమస్య తీరదు.

ఇక బావ గిఫ్టు. డబ్బా విప్పకుండా పక్కన పెడితే అది గొడవే. అల్లుడు ప్రేమగా పంపింది. పైగా నాన్నకి కూడా ఆ తెల్ల వెలుగు మీద మనసుంది. అందుకని రెండూ పెట్టి చూపిస్తానన్నాను. ఒక వైపు కొత్త హాలోజన్, ఇంకో వైపు ఎల్ఈడీ.

మా వీధి చివర పాత గోదాము గోడ ఉంది. ముందు చదునైన సిమెంటు నేల. చీకటి పడ్డాక కారుని గోడకి సరిగ్గా 5 మీటర్ల దూరంలో నిలబెట్టాం. టైర్లలో గాలి సరిచూశాను. డ్రైవర్ సీట్లో నాన్న, ఎందుకంటే రోజూ ఆ బరువుతోనే కదా బండి నడిచేది. లైటు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో టేపు అంటించాను. లో బీమ్ పై అంచు ఆ టేపు కంటే 5 సెంటీమీటర్లు కింద పడాలి. మీటరుకి ఒక సెంటీమీటరు చొప్పున వాలు అన్నమాట. లైటు వెనకున్న స్క్రూ తిప్పి సరిచేసుకోవచ్చు. బల్బు మార్చిన పది మందిలో ఈ పని చేసేవాళ్లు ఒక్కరైనా ఉంటారో లేదో.

హాలోజన్ వైపు గోడ మీద గీత గీసినట్టు పడింది. గీత కింద వెలుగు, పైన చీకటి. ఎడమ చివర మాత్రం గీత కొంచెం పైకి లేస్తుంది. ఎడమ పక్కన నడిచేవాళ్లు, మైలురాళ్లు కనిపించాలని. కుడివైపు, అంటే ఎదుటి బండి వచ్చే వైపు, కిందికే ఉంటుంది. ఈ తెలివంతా ఎక్కడుందనుకున్నారు? బల్బు లోపల. హెచ్4లో రెండు ఫిలమెంట్లుంటాయి. లో బీమ్ ఫిలమెంటు కింద చెంచాలాంటి చిన్న రేకు ముక్క ఉంటుంది. అది కిందికి పోయే వెలుగుని ఆపేస్తుంది. మిగిలిన వెలుగు రిఫ్లెక్టర్ పై సగానికి తగిలి రోడ్డు మీదికి వంగుతుంది. ఫిలమెంటు ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూఇటూ అయినా లెక్క మొత్తం తప్పుతుంది.

ఎల్ఈడీ వైపు చూస్తే గీత లేదు. గోడంతా తెల్లగా, పైన రేకుల కప్పు దాకా. మధ్యలో ఒక మచ్చ భగభగా మండుతోంది, పక్కన నల్ల చారలు. చిప్పులు నిలువుగా రెండు పక్కలకి ఉండాలి కాబట్టి కాలర్ తిప్పి కూడా చూశాను. కొంచెం మెరుగైంది, గీత మాత్రం రాలేదు. పైగా వెనకున్న ఫ్యాను వల్ల రబ్బరు టోపీ పట్టడం లేదు. టోపీకి కంత కోసేయమని డబ్బాలోని కాగితంలోనే ఉంది!

20,000 ల్యూమెన్ల సంగతి కూడా చెప్పేస్తాను. ప్రమాణాల ప్రకారం హెచ్4 హాలోజన్ లో బీమ్ ఇచ్చేది 1,000 ల్యూమెన్లు, హై బీమ్ 1,650. కాస్త అటూఇటూ. ఆ వెయ్యితోనే దశాబ్దాలుగా ప్రపంచమంతా రాత్రి ప్రయాణాలు చేసింది. వెలుగు ఎంతుందన్నది ఒక లెక్క, ఎక్కడ పడిందన్నది ఇంకో లెక్క.

ఎల్ఈడీలంటే నాకు పగేమీ లేదు. ఫ్యాక్టరీ నుంచే ఎల్ఈడీ హెడ్‌లైట్లతో వచ్చే కార్లలో అద్దం, రిఫ్లెక్టర్, చిప్పు అన్నీ ఒకదాని కోసం ఒకటి తయారైనవి. ఫిలమెంటు కొలతల్ని జాగ్రత్తగా అనుకరించే మంచి బల్బులూ ఉన్నాయి. కానీ ఫిలమెంటు కోసం పుట్టిన రిఫ్లెక్టర్‌లో ఏదో ఒక ఎల్ఈడీ గుచ్చడమంటే, ఇంకొకరి కళ్లజోడు పెట్టుకుని పెద్దగా కనిపిస్తోందని సంతోషపడటం లాంటిది.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని మన ఇష్టానికి మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాసి ఉంది. అది ఎంతమందికి వేస్తారన్నది వేరే సంగతి. నాకు నచ్చేది మాత్రం 1989 నిబంధనల్లో 106వది. దాని సారాంశం ఇది: లైటుకి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడి పక్కన, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో కళ్లున్న మనిషి ఉంటే, ఆ వెలుగు అతని కళ్లకి బైర్లు కమ్మించకూడదు.

మా నాన్న నిలబడితే కళ్లు దాదాపు ఆ ఎత్తులోనే ఉంటాయి.

"నువ్వు దిగి అక్కడ నిలబడు నాన్నా" అన్నాను. కారుని వెనక్కి తిప్పి వీధి వైపు పెట్టి, టేపుతో 8 మీటర్లు కొలిచి, సుద్దముక్కతో గీత గీశాను. అమ్మ కూడా వచ్చింది చూడ్డానికి. హాలోజన్ లైటుకి అట్టముక్క అడ్డం పెట్టి ఎల్ఈడీ ఒక్కటే వేశాను.

నాన్న చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "తియ్యి తియ్యి! కండ్లు పోతున్నయ్. ఇది పెట్టుకుంటే ఎదురొచ్చెటోడు ఎటు పోవాలె? కాల్వలకేనా?"

నేను నవ్వి, అట్ట ఈ వైపుకి మార్చి హాలోజన్ వేశాను. ఇక్కడితో పని అయిపోయిందనుకున్నాను.

"ఇదీ అట్లనే ఉంది గదా" అన్నాడు నాన్న. "కాకపోతే పచ్చగుంది. సుట్టూ చక్రం లెక్క, ముండ్లు ముండ్లు లెక్క వస్తున్నయ్."

గోడ మీద చూశాను కదా, ఆ బీమ్ అంత ఎత్తు రాదు. వెళ్లి నాన్న పక్కన నిలబడ్డాను. ఒక పసుపు లైటు, అంతే. అమ్మని నిలబెట్టాను. "నాకేం లేదే, లైటు లైటు లెక్కనే ఉంది" అంది. తర్వాత కాసేపాగి, "మొన్న పున్నం నాడు చందమామలు రెండు కనపడ్తున్నయన్నడు. నవ్వులాటకనుకున్న" అంది.

నాన్న మొహం మారిపోయింది. "నా కండ్లు మంచిగనే ఉన్నయ్. నువ్వు లైట్లు చూడు ముందు."

దీపాల చుట్టూ వలయాలు, రాత్రి పూట చూపు చెదరడం, ఒక కన్నుతో చూసినా వస్తువు రెండుగా కనిపించడం.. కంటి శుక్లం మొదలైనప్పుడు ఇలాంటివి ఉండొచ్చని నేను అప్పటికే ఎక్కడో చదివాను. నాన్నకి 63. అసలు అరవై దాటినవాళ్ల కంటి లోపలికి, ఇరవై ఏళ్లవాళ్లతో పోలిస్తే దాదాపు మూడో వంతు వెలుగే చేరుతుందంటారు. ఎదుటి లైటు కొట్టాక కళ్లు తేరుకోవడానికీ వాళ్లకి ఎక్కువ సేపు పడుతుంది. ఆ కాస్త సేపట్లో కారు ఎంత దూరం వెళ్తుందో నేను మనసులో లెక్క వేసుకున్నాను. గంటకి 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. నాకు డ్రైవింగ్ నేర్పింది నాన్నే, సాగర్ ఎడమ కాల్వ కట్ట మీద. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పొలాలు. "భయమైతే స్టీరింగ్ ఇటియ్యి" అని ఒక్కసారి కూడా అనలేదు. అలాంటి మనిషితో రేపట్నుంచి రాత్రి కారు తీయొద్దని ఎలా చెప్పాలి? బావ ఫోన్ చేస్తే ఎల్ఈడీ పెట్టట్లేదని ఒక్క ముక్కలో చెప్పాను. "అందరూ పెట్టుకుంటున్నరు మరదలా. మనం ఒక్కరమే పాత బల్బుతో ఉంటే మనమే గుంతలో పడతం" అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఎదుటివాడు తెల్ల లైటు పెడితే మనకి మన రోడ్డు కనిపించదు, అందుకని మనం ఇంకా పెద్దది పెడతాం, వాడు ఇంకా పెద్దది. దీనికి నా దగ్గర జవాబేమీ లేదు. నాన్న కళ్ల సంగతి చెప్పాను. బావ కాసేపు మాట్లాడలేదు. "సోమవారం నేను సెలవు పెడతా, హాస్పిటల్‌కి నేను తీసుకపోతా" అన్నాడు. ఆ విషయంలో బావ బంగారం.

చుక్కల మందు వేసి, గంట కూర్చోబెట్టి చూశారు. రెండు కళ్లల్లోనూ శుక్లం, కుడి కన్నులో ఎక్కువ. ఆపరేషన్ అయ్యేదాకా రాత్రి డ్రైవింగ్ వద్దన్నారు డాక్టరు. నాన్న ఇంటికొచ్చి అమ్మతో, "మోతిబిందట. నా లైటు గ్లాసు గూడ పచ్చబడ్డదట. మీ బిడ్డెకి చెప్పు, గరుకు కాయితం పట్టుకొచ్చి రుద్దుతది" అన్నాడట. నవ్వుతూనే అన్నాడని అమ్మ చెప్పింది.

కానీ ఆ రెండు నెలలు తేలిగ్గా గడవలేదు. యాసంగి విత్తనాల సీజన్, దుకాణం సాయంత్రం ఆరుకే మూసి బస్సెక్కాలి. ఆ వేళకే పొలాల నుంచి రైతులొస్తారు. పక్క దుకాణంలో బేరం నడుస్తుంటే తను తాళం వేసుకుని స్టాండులో నిలబడటం నాన్నకి చాలా కష్టమైంది. ఎవరైనా "సార్, కారేదీ?" అంటే "సర్వీసింగ్‌కిచ్చిన" అని చెప్పేవాడట. రెండు నెలల సర్వీసింగ్! కారు ఇంటి ముందు కొత్త బల్బులతో, మెరిసే లైట్లతో నిలబడి ఉండేది. రాత్రి అన్నం తిన్నాక బయటికెళ్లి ఓసారి లైట్లు వేసి, చూసి, ఆపేసి వచ్చేవాడని అమ్మ చెప్పేది. ఏం చూసేవాడో మరి.

సంక్రాంతి దాటాక కుడి కంటికి ఆపరేషన్ చేశారు. మసకబడిన లెన్సు తీసి కొత్తది పెట్టడం, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. కట్టు విప్పినప్పుడు నాన్న అన్న మొదటి మాట, "గోడలు గింత తెల్లగున్నయా?" అని. మా ఇంటి గోడలకి రంగు వేసి ఆరేళ్లయింది. అంతకుముందు నాలుగు నెలలుగా, పసుపు రంగు వేయించిందని అమ్మని అంటూనే ఉన్నాడు.

డాక్టరు సరేనన్నాక మార్చిలో మొదటిసారి రాత్రి తీశాడు, పక్క సీట్లో నేను. హాలియా దాకా వెళ్లి వచ్చాం. నలభైలోనే నడిపాడు. ఎదురుగా తెల్ల లైటు వచ్చినప్పుడల్లా వేగం తగ్గించి, చూపు ఎడమ అంచు మీద పెట్టి, దాటాక ఒక తిట్టు తిట్టి మళ్లీ వేగం అందుకున్నాడు. ఎడమ కంటికి ఇంకా ఉంది. దసరా తర్వాత చేద్దామన్నారు. అప్పటిదాకా సీజన్ లేని రోజుల్లో ఏడింటికల్లా ఇంటికి చేరాలని అమ్మ రూలు పెట్టింది. పాటిస్తున్నాడు, సణుగుతూ.

బావ కిట్ వాపసు ఇచ్చే గడువు దాటిపోయింది. అది మా బీరువా మీద డబ్బాలోనే ఉంది, డేగ బొమ్మతో సహా. బావ తన బండికి ఎల్ఈడీలు తీసేయలేదు. గోదాము గోడ దగ్గరికి తీసుకొచ్చి, లైట్లు కొంచెం కిందికి దించుకుని మాత్రం వెళ్లాడు. అది సగం పనేనని నేనంటాను, సగమైనా అయింది కదా అని బావ అంటాడు.

ఇప్పుడు కొత్త సంగతి ఏంటంటే, నాన్న దుకాణం ముందు సుద్దగీత ఉంది. 8 మీటర్లకి. పురుగుమందుల డీలర్లు, వడ్ల వ్యాపారులు, ఆటో డ్రైవర్లు ఎవరొచ్చి "లైట్లు తక్కువైనయ్ సార్, బిడ్డనడిగి మంచి బల్బు చెప్పు" అన్నా, ముందు వాళ్లని ఆ గీత మీద నిలబెట్టి, వాళ్ల బండి లైట్లే వేసి, "సుట్టూ చక్రాలేమన్న కనపడ్తున్నయా?" అని అడుగుతున్నాడు. పోయిన నెలలో ముగ్గురు నిలబడ్డారు. ఒకాయన్ని బలవంతంగా కంటి హాస్పిటల్‌కి పంపాడు. మిగతా ఇద్దరి బండ్లకీ లైటు గ్లాసులే మసకబారాయట.

నిన్న రాత్రి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. "బిడ్డా, వచ్చేటప్పుడు పుత్లీబౌలిల 2000 నంబర్ కాయితాలు ఒక పది తే. 1000ది ఇంక ఉంది."